ఆమె పేరు మీద పాలసీ

మార్చి నెల వస్తే ఇప్పటికీ నాకు ఒకచోట కుదురుగా కూర్చోబుద్ధి కాదు. డెబ్భైల్లో తిరువూరులో ఇన్సూరెన్స్ ఉద్యోగంలో చేరినప్పుడు పట్టుకున్న జబ్బు ఇది. దేశమంతా ఆఫీసులున్న పెద్ద కంపెనీలో మావాడికి ఉద్యోగం వచ్చిందని మా నాన్న కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాడు. నేనింకా ప్రొబేషన్‌లోనే ఉన్నానని, మార్చి ఆఖరుకి కోటా పాలసీలు చేయించకపోతే ఇంటికి పంపిస్తారని ఆయనకు తెలియదు. చెప్పే ధైర్యం నాకు లేదు. మా మేనేజరు మాత్రం పొద్దున్నే మొహం చూడగానే "ఎంతవరకు వచ్చిందయ్యా?" అని అడిగేవాడు. టీ తాగావా అని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఆ పల్లెల్లో మా సరుకు అమ్మడం మాటలు కాదు. పొద్దున్నే నా సైకిలు ఎదురైతే, పొలానికి బయల్దేరిన మనిషి వెనక్కి వెళ్లి, కాసిని మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరేవాడు. చావు అన్న మాట నోట రాకూడదు. "జరగరానిది ఏదైనా జరిగితే" అనాలి. అదీ నెమ్మదిగా, నసుగుతూ అనాలి. నాకు అంత ఓపిక ఏడ్చిందా?

ఆఖరి వారానికి ఇంకొక్క పాలసీ తక్కువైంది. గంపలగూడెం దగ్గర ఒక మిరప రైతు "చూద్దాంలెండి" అంటూ నన్ను చాలాకాలంగా తిప్పుతున్నాడు. మళ్లీ అక్కడికే వెళ్లాను. వాకిట్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆయన భార్య కూర్చుని తాలుకాయలు ఏరి పక్కన పడేస్తోంది. నాకు ఒకటే తుమ్ములు. నేనెప్పుడు వెళ్లినా ఆమె చేలోనో వాకిట్లోనో పనిలో ఉండేది, ఆయన మంచం మీద ఉండేవాడు.

"నా ఉద్యోగం పోయేట్టుందండీ" అని ఈసారి ఉన్నమాట చెప్పేశాను.

"అందుకని నా చావు మీద బేరమాడతారేంటండీ? వెళ్లిరండి" అన్నాడాయన.

ఫారాలు సంచిలో పెట్టుకున్నాను. లేచాను.

"నా పేరు మీద రాయండి బాబూ" అంది ఆమె, తలెత్తకుండానే. "నేను పోతే మా పిల్లని బడి మాన్పించి వంటింట్లో కూలేస్తారు. తిరువూరు హైస్కూల్లో చదువుతోందండి. దాని చేతిలో కాస్త డబ్బుంటే చదువు ఆగదు కదా."

ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే రూలు గుర్తొచ్చి నీరుగారిపోయాను. సొంత సంపాదన లేని ఆడవాళ్లకు మా కంపెనీ అప్పట్లో పాలసీ ఇచ్చేది కాదు. అయినా ఆశ చావదు కదా. "ఆవిడకి సంపాదన ఉందని మీరొక్క మాట చెప్పండి, రాసేస్తాను" అని ఆయన్ని బతిమాలాను.

ఆయన పెద్దగా నవ్వాడు. "ఇంటిపట్టునుండే మనిషికి సంపాదనేంటండీ?"

ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ కాయల్లోకి వెళ్లింది. నాకు ఒళ్లు మండిపోయింది. "మరి ఈ కాయలన్నీ ఎవరు కోశారండీ?" అనేశాను. ఆయన మొహం మాడిపోయింది. ఉద్యోగానికి నీళ్లు వదులుకున్నట్టే అనుకుని సైకిలు స్టాండు తీశాను.

పరాయివాడి చేత మాటపడ్డానన్న రోషమో ఏమో, "ఆగండి. నా పేరు మీదే రాసుకోండి, ఈ గోల వదిలిపోద్ది" అన్నాడు.

గబగబా రాశాను, ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని. ఆయన పోతే డబ్బు ఆమెకు వస్తుంది. ఆమె పోతే ఆ పిల్లకు పైసా రాదు. అది ఆమెకూ అర్థమైంది.

సైకిలెక్కబోతుంటే మజ్జిగ గ్లాసు తెచ్చిచ్చింది. "పోనీలెండి బాబూ, మీ ఉద్యోగమైనా నిలబడింది" అంది.

ఎత్తిపొడుపుగా అన్నా బాగుండేది. ఆమె నిజంగా సంతోషపడే అంది.