బాపు గీకేసిన పైమట్టి

నా చిన్నప్పుడు ఒక వానాకాలమంతా, పొద్దున లేవంగనే మా మక్కజొన్న చేను చూడనిదే నాకు పానం ఆగేది కాదు. ఆ చేను బాగుపడకుంటే బొంబాయి దిక్కు భీవండి మగ్గాల పనికి పోతనన్నడు మా బాపు. మా ఊరి నుంచి అట్ల పోయినోళ్లు కొందరు మళ్లీ రానేలేదు. ఆ ఫికర్‌కు నాకు బువ్వ కూడా సయించకపోయేది.

బాన్సువాడ అవతల మా మెట్ట చెలక ఒక పక్కకు వాలి ఉండేది. కాలువ నీళ్లు ఎక్కాలని బాపు ఎండాకాలంల ఎడ్లు కట్టి దాన్ని చదును చేసిండు. పైనున్న మంచి మట్టంతా గీకి గట్టు మీద పోసిండు. చూడనీకి సక్కగనే ఉండె గాని, మక్క మొలిచినంక ఆకులు వంకాయ రంగుకు తిరిగినయి, మొక్కలు జానెడు మించి ఎదగలేదు. పెంట పోసిండు, యూరియా చల్లిండు, అమ్మ దిష్టి కూడా తీసింది. ఏం లాభం లేకపోయె. ఇగ బాపు భీవండికి ఎవరెవరు పోతున్నరో అడుగుడు మొదలుపెట్టిండు.

గింజలు జారిపడి గట్టు మీద మొలిచిన మక్కలు మాత్రం పచ్చగ, నా నడుమెత్తు ఉన్నయి. అది మా నాయనమ్మ చూసింది. ఆమె పుట్టింట్ల కొత్త చెలక కొడితే పాత చేను మట్టిని వేళ్లతో సహా తెచ్చి వేసేటోళ్లట. ఎందుకో ఆమెకూ తెల్వదు. గట్టు తవ్వి, గడ్డి వేళ్లతోటే మట్టిని గంపకెత్తి, కొన్ని సాళ్లల్ల ఒక్కో మొక్క మొదట్ల పిడికెడు పెట్టుకుంట పోయింది. బాపుకు కోపమొచ్చింది.

"మన్నుల మన్ను పోస్తే ఏమొస్తదే అవ్వా?"

"నాకెర్క లేదు కొడుకా. పోయేటోనివి ఎట్లైనా పోతవు, ఇది చూసి పో."

అంటే ఆమె కూడా బాపు పోతడనే అనుకుంటున్నది!

చాన రోజులు ఏ మార్పూ లేదు. బాపు బట్టలు కూడా సర్దుకున్నడు. ఆఖరుకు కొత్తాకు పచ్చగ వచ్చింది, అదీ మట్టి పెట్టిన సాళ్లల్లనే. బాపు అన్ని సాళ్లూ తిరిగి చూసిండు. గంప తీసుకొని తనే గట్టు తవ్వబట్టిండు. తల ఎత్తకుండనే, "ఇగ యాడికి పోత తియ్" అన్నడు. నేను అక్కడే కూలబడి ఏడ్చిన. పంట సగమే చేతికొచ్చింది గాని ఇల్లు గడిచింది.

వ్యవసాయం చదివే మా మనవరాలు ఈ మధ్య నాకు చెప్పింది. వేళ్లను పట్టుకొని ఒక తీరు బూజు బతుకుతదట. వెంట్రుక కంటె సన్నటి దారాలతోటి, వేరుకు అందని జాగల నుంచి భాస్వరం తెచ్చి మొక్కకిస్తదట, బదులుకు మొక్క దానికి చక్కెర పెడతదట. భాస్వరం అందకుంటేనే మక్క ఆకులు వంకాయ రంగుకు తిరుగుతయట. బాపు పైమట్టితో పాటు దాన్ని కూడా గీకేసిండు, నాయనమ్మ గడ్డి వేళ్లతోటి దాన్ని మళ్లీ తెచ్చి పెట్టింది.

ఇప్పుడు ఎవరన్న ట్రాక్టర్ పెట్టి చేను చదును చేయిస్తుంటే ఆగి బతిమాలుత, పైమట్టి కొంచెం దాచుకోండ్రి బిడ్డా అని. ముసల్దానికి చాదస్తమని నవ్వుతరు. నేను మాత్రం వాళ్ల ఇంట్ల, నా లెక్క బాపు పోతడని భయపడే చిన్నపిల్లలున్నరా అనే చూస్త.