వేప్పనపల్లి దారిలో తొడ తట్టనన్న కృష్ణుడు

మా ఫ్యాక్టరీ క్యాంటీన్లో కిటికీ పక్క బల్లను అందరూ పార్లమెంటు అనేవాళ్ళు. సభ్యులం ముగ్గురమే. నేను వరంగల్ నుంచి ఉద్యోగానికి తమిళనాడులోని హోసూరు వచ్చినవాణ్ణి. దేవుడి మీద నమ్మకం లేదని చెప్పుకుంటూ ప్రసాదం మాత్రం రెండుసార్లు తీసుకునే రకం. రెండో సభ్యుడు మునిరత్నం, వేప్పనపల్లి వైపు తెలుగు రైతు కుటుంబంవాడు, లేత్ సెక్షన్లో పని. మూడోవాడు జోసెఫ్. టాంజానియా నుంచి రెండేళ్ళ శిక్షణ కోసం వచ్చాడు. అప్పటికి కొత్త శతాబ్దం మొదలై రెండు మూడేళ్ళయింది. టీవీ పెడితే చాలు, ఎక్కడో బాంబు, ఎక్కడో అల్లర్లు. తప్పు మతానిదా మనిషిదా, రంగు చూసి మనిషిని తూచే జబ్బు ఏ దేశంలో ఎక్కువ, ఇలాంటివన్నీ సాంబారన్నం చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్ళం. ఒక్కరోజు కూడా ఎవరూ ఓడిపోలేదు.

ఆ మే నెలలో జోసెఫ్ వాదించడం మానేశాడు. ఉన్న గది ఖాళీ చేయమన్నారు. వెతకబోతే, అద్దెకివ్వబడును అన్న బోర్డు గేటుకు వేలాడుతుండగానే ఇల్లు ఖాళీ లేదన్నారు. ఒకావిడ, పిల్లలు జడుసుకుంటారని మొహం మీదే చెప్పింది. "ఇంకో ఏడాది ఇక్కడ ఉండడం నావల్ల కాదు. సోమవారం ఆఫీసులో చెప్పేసి వెళ్ళిపోతాను" అన్నాడు. శిక్షణ సగంలో వదిలేస్తే ఊళ్ళో అతని కోసం ఉంచిన ఉద్యోగం పోతుంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. మునిరత్నం మజ్జిగ గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆదివారం మా ఊర్లో దుర్యోధనుణ్ణి సంపుతారు. పోయే ముందర మా ఊరన్నా ఒకసారి చూసి పోప్పా."

అంతకంటే విచిత్రమైన ఆహ్వానం నేను వినలేదు. దాన్ని జోసెఫ్‌కు ఇంగ్లీషులో చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అసలు సంగతేమిటంటే, ఆ వైపు ఊళ్ళలో ధర్మరాజు గుడి దగ్గర వేసవిలో భారతం జరుగుతుంది. రోజూ కథ చెబుతారు, నాటకం ఆడతారు. చివరి రోజు పట్టపగలు, నేల మీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ తొడను భీముడు గదతో కొడతాడు. అంతటితో యుద్ధం ముగుస్తుంది.

ఆదివారం ఉదయం ఆరున్నరకు హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సెక్కాం. ముగ్గురికీ టిక్కెట్లు నేనే తీశాను, యాభై రూపాయల నోటుకు చిల్లర కూడా వచ్చింది. ముగ్గురు కూర్చునే సీట్లో కిటికీ వైపు జోసెఫ్, పక్కన నేను. మునిరత్నం మా ముందు సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్నాడు. నా పక్క చోటు ఖాళీ. బస్సు నిండినా ఆ చోటు మాత్రం నిండలేదు. ఇద్దరు పెద్దమనుషులు జోసెఫ్ వైపు ఒకసారి చూసి, కమ్మీ పట్టుకుని నిలబడిపోయారు. నాకు ఒళ్ళు మండింది. జోసెఫ్ కిటికీలోంచి కొండలు చూస్తున్నాడు.

సూళగిరిలో ఒక లావుపాటి సాయిబు గంపతో ఎక్కాడు. "జరగప్పా రవ్వంత" అంటూ ఆ ఖాళీలో కూలబడ్డాడు. పేరు ఖాదర్. కృష్ణగిరిలో మామిడికాయల వ్యాపారం. కూర్చోగానే నన్ను దాటి జోసెఫ్ వైపు వంగాడు.

"ఏ ఊరప్పా నీది?"

"ఆఫ్రికా" అన్నాడు మునిరత్నం.

"ఆడ మామిడి కాస్తాదా?"

తమ పెరట్లోనే రెండు చెట్లున్నాయని జోసెఫ్ చెప్పాడు. ఇక ఖాదర్ సాయిబుకు పట్టపగ్గాల్లేవు. కాయ ఎంతుంటుంది, పీచుంటుందా, ఎప్పుడు కోస్తారు, ఎట్లా మాగబెడతారు, అన్నీ అడిగాడు. నేను మధ్యలో దుబాసీని. మునిరత్నానికి పార్లమెంటు గుర్తొచ్చింది. "సాయిబూ, మతాల వల్లే లోకం చెడిందని ఈ వరంగల్ సారు అంటాడు. నువ్వేమంటావు?"

ఖాదర్ సాయిబు నన్ను ఎగాదిగా చూశాడు. "యాడో ఎవుడో బాంబు పెడితే ఈడ నా లారీ ఆపి మామిడికాయలన్నీ రోడ్డు మీద కుమ్మరిస్తారు. ఆ పెట్టినోడికి మతం లేదు సార్, నాకుండాది. మళ్ళా కాయలు ఏరుకునేది నేనే గదా!"

అది అనువదించగానే జోసెఫ్ పగలబడి నవ్వాడు. వారం రోజుల తర్వాత మొదటిసారి. "మా వీధిలో సగం మంది ముస్లింలే. రంజానుకు మేం వాళ్ళింట్లో తింటాం, క్రిస్మస్‌కు వాళ్ళు మా ఇంట్లో. పిలావు ఎవరిది బాగుందన్న దాని మీదే మా మతకలహాలన్నీ" అన్నాడు. ఖాదర్ సాయిబు సీటు చరిచి మరీ ఆనందించాడు. పిలావు సంగతికి వచ్చేసరికి, అంతదాకా నిలబడ్డ ఇద్దరిలో ఒకాయన మాటలు సరిగా వినపడడం లేదని మా సీటు అంచున ఇరుక్కుని కూర్చున్నాడు. నేను మూల్గుతూనే సంతోషంగా సర్దుకున్నాను.

ఎనిమిదికి కృష్ణగిరి. బస్టాండు ఎదుట ఇడ్లీ, వడ, కాఫీ. వడలు బాగుంటాయి, చట్నీ మాత్రం అడిగి మళ్ళీ వేయించుకోవాలి. ఖాదర్ సాయిబు మా చేతుల్లో తలొక సెందూరా మామిడిపండు పెట్టి మండీ వైపు వెళ్ళిపోయాడు. ఎనిమిదిన్నరకు వేప్పనపల్లి బస్సు. ఎక్కడమే కష్టం, ఎక్కాక దిగడం ఇంకా కష్టం. దారి పొడవునా మామిడి తోటలు. ఈ బస్సులో తిట్లు కూడా తెలుగులోనే వినపడేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

వేప్పనపల్లి దాటాక దిగి, అరగంట తోటల్లో నడిస్తే మునిరత్నం ఊరు. వాళ్ళ అవ్వ నరసమ్మ మాకు కాళ్ళకు నీళ్ళిచ్చి, రాగి సంగటి, మామిడికాయ పప్పు పెట్టింది. చెంచా కోసం లోపలికి పరుగెత్తబోయిన కోడలిని జోసెఫ్ చేత్తో ఆపాడు. సంగటి తుంచి, ముద్ద చేసి, బొటనవేలితో గుంట పెట్టి, పప్పు నింపి నోట్లో వేసుకున్నాడు. వాళ్ళ ఊళ్ళో మొక్కజొన్న పిండితో చేసే దీని తోబుట్టువొకటి ఉందట, ఉగాలి అంటారట. నేనేమో ఆ సంగటిని వేళ్ళకు అంటించుకుని అవస్థ పడుతున్నాను.

"ఈ అబ్బాయి మనోడే. ఆ తెల్లచొక్కా ఆయప్ప యాడోడు?" అని అవ్వ నా గురించి అడిగింది.

పదకొండుకు గుడి మైదానం చేరాం. దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మా ఫ్యాక్టరీ షెడ్డు అంత పొడుగు. కోరమీసాలు, ఎర్రటి కళ్ళు, మట్టి తొడలో దాచిన ఎర్రనీళ్ళ కుండ. వందల మంది జనం. నాటకం నేర్పే గురువును అక్కడ వాద్యారు అంటారు. ఆయన జోసెఫ్‌ను చూడగానే చేతులు చాచుకుంటూ వచ్చాడు.

"అబ్బబ్బ, ఏం ఆకారమప్పా! నాలుగు దినాలు ముందర వచ్చింటే ఘటోత్కచుడి వేషం నీకే ఇచ్చిందును!"

ఆయన నోట అది నిజంగా మెచ్చుకోలే. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా సంతోషంగా తలలూపారు. మునిరత్నం మొహం మాడిపోయింది. ఘటోత్కచుడంటే ఎవరని జోసెఫ్ అడిగాడు. భీముడి కొడుకు, గొప్ప వీరుడు అన్నాను. "మరి మునిరత్నం ఎందుకలా అయిపోయాడు?" అన్నాడు. తల్లి రాక్షసి అని చెప్పక తప్పలేదు. జోసెఫ్ మర్యాదగా నవ్వాడు. తర్వాత తిరుగు బస్సు ఎన్నింటికని అడిగాడు.

ఏం జరిగిందో అవ్వకు మునిరత్నం చెప్పాడు. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఏమప్పా వాద్యారూ, నల్లగా ఉంటే రాక్షసుడేనా? నీ భారతంలో కృష్ణసామి ఏ రంగు? ద్రౌపదమ్మ ఏ రంగు? పొద్దన్నుంచి కృష్ణుడు లేడని తలకాయ పట్టుకోని కూకున్నావే, ఎదురుగా ఉండాడు, కనపళ్ళేదా?"

కృష్ణుడి వేషగాడు మామిడిపండ్లు మితిమీరి తిని, కడుపు చెడి, చెంబుతో తోటలోనే కాపురం పెట్టాడట. ఈ రోజు ఆ వేషానికి మాటలేమీ లేవు. భీముడు ఎక్కడ కొట్టాలో తెలియక తిరుగుతుంటే తన తొడ తట్టి చూపించాలి, అంతే. వాద్యారు బుగ్గ గోక్కున్నాడు. తర్వాత నీలం రంగు గిన్నె తెమ్మన్నాడు.

అవ్వ మాట నేను అనువదించగానే వేషానికి సరేనన్న జోసెఫ్ ఆ గిన్నె చూసి ఆగిపోయాడు. "చిన్నప్పుడు మా బడిలో క్రిస్మస్ నాటకం వేసేవాళ్ళం. దేవదూత వేషమిస్తే మొహానికి పిండి పూసేవాళ్ళు, తెల్లగా కనిపించాలని. అక్కడ పిండి, ఇక్కడ నీలమా? మీ దేవుడు నలుపే అయితే నాకెందుకు ఈ రంగు?"

ఇక వాదన మొదలైంది. ముందునుంచీ నీలమే అని ఒకరు, మేఘం రంగంటే నలుపే గదా అని ఒకరు, రంగు పూయకపోతే వేషం ఎట్లవుతుందని ఇంకొకరు. క్రైస్తవుడు కృష్ణుడి వేషం వేస్తే తప్పుకాదా అని జోసెఫే మరో చిక్కు తెచ్చాడు. "వేషం తీసినాక నువ్వు నువ్వే. ఈ భీముడు రేపు పొద్దున బస్సులో టిక్కెట్లు కొట్టాల" అన్నాడు వాద్యారు. గదాధారి అయిన కండక్టరు అవునని తలూపాడు. మా పార్లమెంటు ఆ చర్చ ముందు ఎందుకూ పనికిరాదు. చివరికి నీలం గిన్నె వెనక్కి పోయింది. నామం, కిరీటం, పూలదండ, అంతే. నాస్తికుణ్ణయిన నాకు కూడా చెయ్యెత్తి మొక్కాలనిపించింది.

మైదానంలోకి జోసెఫ్ అడుగు పెట్టగానే తలలన్నీ అటు తిరిగాయి. ఆ తర్వాత ఒక ముసలమ్మ "గోవిందా!" అంది, మైదానమంతా అందుకుంది. నరసమ్మవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు, నా కళ్ళలో కూడా.

డప్పులు మోగాయి. భీముడు గద తిప్పుతూ బొమ్మ చుట్టూ పరుగెత్తాడు. బొమ్మ ఛాతీ మీద దుర్యోధనుడి వేషగాడు మీసం మెలేస్తూ సవాలు చేస్తున్నాడు. సైగ చేయాల్సిన సమయం వచ్చింది. జోసెఫ్ నా వైపు తిరిగి, "తొడ మీద కొట్టొచ్చా? అది నియమమేనా?" అని అరిచాడు.

"నియమం కాదు" అని అరిచాను.

"అయితే ఎట్లా చూపిస్తాను? మనవాళ్ళు చేస్తే ధర్మం, ఎదుటివాళ్ళు చేస్తే దుర్మార్గం అనుకోవడంతోనే గదా ఈ ఉన్మాదాలన్నీ మొదలయ్యేది! నువ్వే అన్నావు, క్యాంటీన్లో!"

చేతులు కట్టుకుని నిలబడ్డాడు. భీముడు ఇంకో చుట్టు తిరిగాడు. మరో చుట్టు. "తట్టు సామీ, తట్టు!" అని జనం కేకలు. వాద్యారు నా వైపు చూసే చూపుకు నేను భస్మమైపోవాలి. సూర్యుడు నడినెత్తికొచ్చాడు. అప్పుడు పొద్దుటి నుంచి ఉపవాసమున్న దుర్యోధనుడు కాలే మట్టి మీద కాళ్ళు మార్చి మార్చి తొక్కుతూ చేతులు జోడించాడు.

"అప్పా కృష్ణా! ధర్మం మళ్ళా చూస్తాంలే. కాళ్ళు కాల్తా ఉండాయి, నేను సావాల!"

నేను నవ్వాపుకుంటూ అనువదించి అరిచాను. జోసెఫ్ కిరీటం కదిలిపోయేలా నవ్వి, తొడ మీద ఫెడీమని తట్టాడు. గద పడింది. కుండ పగిలింది. మైదానం దద్దరిల్లింది.

ఆ తర్వాత ఏం జరుగుతుందో నాకూ ముందు తెలియదు. ద్రౌపది వేషగాడు శపథం తీరిందని జుట్టు ముడివేసుకోగానే ఆడవాళ్ళంతా బొమ్మ దగ్గరికి చేరి దుర్యోధనుడి కోసం ఏడ్చారు. అంతసేపూ వాణ్ణి కొట్టమన్నవాళ్ళే. తర్వాత తలొక గుప్పెడు మట్టి తీసుకున్నారు, ఇంట్లో గింజల్లో, పొలంలో వేసుకుంటారట. అవ్వ తన గుప్పిట్లోంచి సగం జోసెఫ్ చేతిలో పోసింది.

"ఇది శత్రువు మట్టి కదా?" అన్నాడతను.

"సచ్చినాక శత్రువేందప్పా? పెట్టుకో, మేలు జరుగుతాది."

నాలుగు గంటల బస్సుకు వేప్పనపల్లి వదిలాం. అవ్వ ఇచ్చిన మామిడిపండ్ల మూట ఒళ్ళో బరువు. ఈ ఊళ్ళకు వెళ్ళదలచినవాళ్ళు మే నెలలో వెళ్ళండి, గొడుగు మరవకండి, వాదించడం రాకపోతే నేర్చుకుని వెళ్ళండి. ప్రపంచంలోని ద్వేషమంతా ఒక ఆదివారంతో పోతుందని నేననను. హోసూరులో ఆ గేట్ల బోర్డులు అలాగే వేలాడుతున్నాయి. అయినా ఆ సాయంత్రం నాకు మనుషుల మీద పట్టలేనంత ప్రేమ కలిగింది.

కృష్ణగిరిలో హోసూరు బస్సు మారాం. జోసెఫ్ నుదుట నామం చెమటకు చెదిరిపోయింది, తుడుచుకోలేదు. సూళగిరి దాటాక ఉన్నట్టుండి మునిరత్నం భుజం తట్టాడు.

"కృష్ణుడి వేషంలో పెద్ద పనేం లేదు. ఏడ్చేవాళ్ళంతా ఏడ్చేది దుర్యోధనుడి కోసమే. మీ వాద్యారుకు చెప్పు, వచ్చే ఏడు ఆ వేషం నాది."

మునిరత్నం నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. రేపు సోమవారమన్న సంగతి ఇద్దరం ఎత్తలేదు, ఎక్కడ ఆ మాట వెనక్కి తీసుకుంటాడో అని.