పాలు పొంగించిన ఫోటోలో తెల్లని ఆకారం

ఘాజియాబాదులో మేము అద్దెకు తీసుకున్నది మేడ మీది ఒంటిగది. వంటగట్టు గది బయట, రేకుల కింద ఉంటుంది. డాబా మీది గాలంతా అక్కడికే వస్తుంది. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటి మనిషిని నేను. ఎమ్మెస్సీ చదువుతున్న చెల్లెలికి హాస్టలు తిండి పడకపోవడంతో, నేను ఉద్యోగం చేసే ఊళ్లోనే ఇద్దరం కలిసి ఉందామనుకున్నాం. అమ్మ ఒక్క షరతు మీద ఒప్పుకుంది. మాఘంలో మంచి ముహూర్తం చూసి పాలు పొంగించి, ఆ ఫోటో తనకు పంపాలి.

ముహూర్తం తెల్లవారుజామున వచ్చింది. చెల్లెలు తలస్నానం చేసి, తూర్పుముఖంగా స్టవ్ ముందు నిలబడింది. వెలుగు చాలక నేను ఫోనులో ఫ్లాష్ వేశాను. పాలు గిన్నె అంచు దాటగానే "పొంగాయి, పొంగాయి!" అని గట్టిగా అంటూ ఫోటో తీశాను. మంచి కబురు ఆలస్యం చేయకూడదని, సరిగా చూడకుండానే కుటుంబం గ్రూపులో పెట్టేశాను.

కాసేపటికి మామయ్య అదే ఫోటోను తిప్పి పంపాడు. చెల్లెలి భుజం పక్కన ఎర్రటి సున్నా చుట్టి ఉంది. ఆ సున్నాలో, ముసుగు వేసుకుని తల వంచి పాలగిన్నెలోకి చూస్తున్న ఆడమనిషిలా, ఒక తెల్లని ఆకారం. వెంటనే ఫోను మోగింది.

"అమ్మలూ, ఎవరే అది?"

"ఎవరూ లేరు మామయ్యా. మేమిద్దరమే ఉన్నాం."

"అదే నా భయం కూడా. రేపు తత్కాల్ తెరవగానే టికెట్టు తీస్తున్నా. వచ్చి పిల్లని తీసుకెళ్లిపోతా."

"దానికి పరీక్షలున్నాయి."

"ప్రాణం ఉంటే పరీక్షలెప్పుడైనా రాసుకోవచ్చు."

మా బంధువుల్లో మధ్యలో ఇంటికి వచ్చేసిన ఆడపిల్ల చదువు మళ్లీ మొదలవడం నేను ఎన్నడూ చూడలేదు.

కింద ఉండే ఇంటి యజమానురాలిని, ఆ గదిలో ముందు ఎవరుండేవారని మాటల్లో పెట్టి అడిగాను. "అరే బేటా, అది స్టోర్ రూమ్. అందులో చచ్చిపోయినవి రెండు కూలర్లే!" అని ఆవిడ నవ్వింది. ఫోనులో ఆ మాట చెప్పినా, ఫోటో చూసినప్పటి నుంచీ ఏడుస్తున్న అమ్మ ఊరుకోలేదు.

ఆ రోజంతా ఫోటోను పెద్దది చేసి చూశాం. దగ్గరలో అద్దం లేదు, కర్టెన్ లేదు. లెన్సు మీద మరకా లేదు. పగలు ధైర్యంగానే ఉన్న చెల్లెలు సాయంత్రానికి, "అక్కా, నా వెనకొకసారి చూడవా?" అంది. తరువాత తనే తేల్చి చెప్పింది: "పాల ఆవిరే అయ్యుంటుంది. రేపు అమ్మ చూస్తుండగానే మళ్లీ పొంగిద్దాం."

మరునాడు అదే వేళకు చెల్లెలి ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి వీడియో కాల్ చేశాం. అమ్మానాన్నలు ఒకే తెరలో ఇరుక్కుని కూర్చున్నారు. ఎవరం మాట్లాడలేదు. నేనైతే ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. పాలు పొంగాయి. ఫోటో తీశాను. అందులో చెల్లెలు, స్టవ్, గోడ తప్ప ఏమీ లేదు.

"చూశావా!" అంది అమ్మ. "ఆవిరైతే ఇవాళ కూడా రావాలి కదే?"

పొద్దెక్కితే మామయ్య టికెట్టు తీసేస్తాడు. "ఉండమ్మా, ఇంకొక్కటి తీస్తాను, ఒక్కటి..." అని బతిమాలుతూనే మళ్లీ నొక్కాను.

చెల్లెలి భుజం పక్కన తెల్లగా, ముసుగుతో, మళ్లీ అదే ఆకారం.

చెల్లెలు నా చేతిలోని ఫోనును చూసి, నా ముఖం చూసింది. "అక్కా, నువ్విప్పుడు మాట్లాడావు. ఇందాకటి ఫోటోకి మాట్లాడలేదు" అంది. తన ఫోను తీసుకుని, కెమెరా నావైపు తిప్పింది. "ఏదీ, మళ్లీ మాట్లాడు."

"పొంగాయి" అన్నాను. నా నోటి నుంచి తెల్లని పొగ లేచి, చేతిలోని ఫోను ముందు నుంచి మెల్లగా సాగిపోయింది. ఫ్లాష్ వెలుగు మొదట తగిలింది దానికే. వెచ్చని గాలిలో బతికే మా గోదావరి మనుషులకు, మాట్లాడితే ఊపిరి కంటికి కనబడుతుందన్న ఊహే రాలేదు.

అమ్మ తెరకు దగ్గరగా జరిగింది. "అంటే, నోట్లోంచి పొగలొచ్చేంత చలా అక్కడ? అయితే పిల్ల వచ్చేయడమే మంచిది."

అమ్మ పక్క నుంచి నాన్న కలగజేసుకున్నాడు.

"చలికి స్వెట్టరుంది. దెయ్యమైతే ఏం తొడిగేదానివే? మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి."

వీడియో కాల్ ఆపకుండానే అమ్మ పక్కింటివాళ్ల ఫోను అడిగి తెచ్చుకుంది. అది అవతల మోగుతున్నంతసేపూ మేమిద్దరం గట్టు దగ్గరే నిలబడ్డాం.

"ఒరే, ఆగు" అన్న అమ్మ గొంతు వినబడింది. "టికెట్టు తీయకు."