ఎడమ చెంపకు ఒకటి, కుడి చెంపకు ఒకటి

మిర్యాలగూడలో ఆ పెళ్లికూతురి ఎడమ చెంప మీద లేచిన పొక్కులు వాళ్ల నాయనమ్మ పెట్టిన నలుగు వల్ల వచ్చినవి కావు. నా వల్ల వచ్చినవి. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. రోజూ రెండు పేజీలు నింపే నేను ఆ రోజు మాత్రం "బస్సులో సీటు దొరికింది" అని ఒక్క లైను రాసి మూసేశాను.

మా చిన్నమ్మకు కోదాడలో బ్యూటీ పార్లర్ ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో చుట్టుపక్కల ఊర్లకు పోయి పెళ్లికూతుళ్లకు మేకప్ వేస్తుంది. డిగ్రీ అయిపోయి సూర్యాపేటలో ఇంట్లో కూర్చొని పుస్తకాలు చదువుకుంటున్న నన్ను చూసి, "ఆ అక్షరాలు ఎక్కడికీ పారిపోవు గానీ నా వెంట రావే" అని తీసుకుపోయింది. మేకప్ వేసేవాళ్లకు మాటలు రావాలి. పెళ్లికూతుర్ని నవ్వించాలి, చుట్టూ మూగిన ఆడవాళ్లు అడిగినదానికల్లా జవాబు చెప్పాలి. అది నాతో కాలేదు. అందుకని మేకప్ తీసే పని నాకు వచ్చింది. ఫంక్షన్ అయిపోయి, చుట్టాలంతా భోజనాలకు లేచి, పెళ్లికూతురు ఒక్కతే కుర్చీలో కూలబడ్డప్పుడు నేను లోపలికి పోతాను. అప్పటికి చిన్నమ్మ ఇంకో ఊర్లో ఇంకో ముఖం ముందు ఉంటుంది. మేకప్ తీసేటప్పుడు ఎవరూ ఫొటోలు తీయరు. పెళ్లికూతురు కండ్లు మూసుకుంటుంది. నేను మాట్లాడాల్సిన పని ఉండదు.

నాకు తొమ్మిదో తరగతి నుంచి మొటిమలు. ఒకసారి చివ్వెంల దగ్గర బస్సెక్కిన ఒక పెద్దామె, ముక్కూముఖం తెలియని మనిషి, నా పక్కన కూర్చొని పది నిమిషాలు నన్నే చూసి, "ముఖానికి ఏం పెడ్తున్నవ్ బిడ్డా?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. "ఏం పెడ్తున్నవో అది బంద్ జెయ్యి" అని దిగిపోయింది. బస్సంతా విన్నది. ఆ సాయంత్రమే డైరీ వెనక పేజీలు తిప్పి గీతలు గీశాను. ముఖం తుడుచుకునేవాటిలో, కడుక్కునేవాటిలో ఎడమ చెంపకు ఒకటి, కుడి చెంపకు ఇంకొకటి, ఏడు రోజులు. మిగతా ఏదీ మార్చకూడదు.

కొబ్బరినూనె కాటుకను అన్నిటికంటే తొందరగా కరిగిస్తుంది, కానీ మూడో నాటికి దవడ కింద ఆవగింజల్లా తెల్ల గింజలు లేస్తాయి. బేబీ ఆయిల్ కంట్లోకి పోతే పావుగంట మసక. తడి వైప్స్ బస్సులో కూడా వాడుకోవచ్చు, నీళ్లు అక్కర్లేదు. కానీ పెళ్లి ఫౌండేషన్ పోవాలంటే బండ తుడిచినట్టు తుడవాలి, మొటిమ మీద తోలు లేచిపోతుంది. మేకప్ తీసే మైసెలార్ వాటర్ చూడడానికి ఉత్త నీళ్లలాగే ఉంటుంది. మంట ఉండదు. ఒక్క ముఖానికి ఏడెనిమిది కాటన్ ముక్కలు పడతాయి, తొందరపడితే పని కాదు. నురగ బాగా వచ్చే ఫేస్‌వాష్‌తో కడిగితే ముఖం గంజి పెట్టి ఆరేసిన చీరలా బిగుసుకుంటుంది. సాలిసిలిక్ యాసిడ్ ఉన్నది మొటిమలకు మంచిదే, నాకు నెల రోజుల్లో తేడా కనిపించింది. అయితే అప్పుడే రుద్ది మేకప్ తీసిన చెంప మీద అది భగ్గుమంటుంది. నురగ రాని జెల్ క్లెన్సర్ ఒకటి ఉంది. ఏమీ జరిగినట్టే అనిపించదు. చివరికి నాకు అదే నచ్చింది.

"సగం ముఖం కడుక్కునే పిల్లను నిన్నే సూసిన" అనేది అమ్మ. "పెండ్లైతే మొగునికి ఏ సగం సూపిస్తవే?"

ఆ మిర్యాలగూడ పెళ్లికి ముందు వారం నా చేతికి కొత్తది ఒకటి వచ్చింది. చిన్న డబ్బాలో పేరుకున్న వెన్నలా ఉండే క్లెన్సింగ్ బామ్. వేళ్లతో రాస్తే నూనెలా కరిగి ఎంత మందపు మేకప్‌నైనా లాగేస్తుంది. మంచి వాసన. దాని తర్వాత తప్పకుండా ఫేస్‌వాష్‌తో కడగాలి. నా ఎడమ చెంప మీద ఏడు రోజులు వాడాను, ఏమీ కాలేదు. అయినా మనసు ఊరుకోలేదు. నా ఒక్క ముఖం చెప్తే సరిపోతుందా అనిపించింది.

పెళ్లి వాళ్లది బియ్యం మిల్లు ఉన్న ఇల్లు. పెళ్లికి ముందు రోజు పొద్దున పెళ్లికూతుర్ని చేశారు. నాయనమ్మ పీట మీద ఎదురుగా కూర్చొని, పెసరపిండి, పసుపు, నువ్వులనూనె కలిపిన నలుగు తన చేత్తోనే మనవరాలి ముఖానికి పెట్టింది. స్నానం అయ్యాక చిన్నమ్మ మేకప్ వేసి కోదాడకు వెళ్లిపోయింది. సాయంత్రం ఫొటోలన్నీ అయ్యాక నేను గదిలోకి పోయాను. పెళ్లికూతురి బుగ్గల మీద, మచ్చలు కప్పే కన్సీలర్ కింద, అచ్చం నాలాంటి మొటిమలే. ఆమెను అడగలేదు. ఎడమ చెంపకు బామ్ రాశాను. కుడి చెంపకు మైసెలార్ వాటర్. రెండూ తడి కాటన్‌తో తుడిచాను. రెండింటికీ ఒకే న్యాయం ఉండాలి కదా అనుకున్నాను.

తుడవడం కాగానే ఆమెకు ఫోన్ వచ్చింది. పెళ్లికొడుకు అనుకుంటా, నవ్వుతూ కిటికీ దగ్గరికి పోయింది. "ఫేస్‌వాష్‌తో ముఖం కడుక్కోండి అక్కా" అనాలి. రెండుసార్లు నోరు తెరిచాను. మధ్యలో ఎట్లా అడ్డుపడాలో తెలియలేదు. సంచి సర్దుకొని, ఇంకోసారి ఆమె వీపు వైపు చూసి బయటికి వచ్చేశాను. ఆమె అట్లాగే పడుకుంది.

మర్నాడు పొద్దున చిన్నమ్మ తిరిగొచ్చి, మేం మేకప్ సామాను విప్పేసరికి గదిలో పెళ్లికూతురి తల్లి గొంతు.

"ఏందే ఇది? ఏందే ఈ ముఖం?"

ఎడమ చెంప కణత నుంచి దవడ దాకా ఎర్రగా ఉంది, దాని నిండా సన్న పొక్కులు. కుడి చెంప నిన్నటిలాగే ఉంది. చిన్నమ్మ వంగి చూసి, నా చెవి దగ్గర, "నువ్వేం పెట్టావే?" అన్నది.

"ఎప్పుడూ పెట్టేదే."

పెళ్లికూతురి మేనత్త తెలివైనది. "ఈ పిల్ల తీసిన మందుతోటి అయితే రెండు దిక్కుల రావాలె గద? ఒక్క చెంపకే ఎందుకొస్తది?" అన్నది. ఒక మనిషి ముఖానికి రెండు చెంపలకు రెండు రకాలు పెట్టేవాళ్లు ఉంటారని ఆమెకెట్లా తోస్తుంది!

చిన్నమ్మకు ఆ మాట చాలు. "నిన్న నాయనమ్మగారు ఎదురుగా కూర్చుని నలుగు పెట్టారు కదండీ. ఆవిడ కుడి చెయ్యి ఈ చెంప మీదే పడుద్ది. బలం అంతా దీని మీదకే వచ్చుద్ది. పైగా మొటిమలున్న తోలు." కోదాడకు కాపురానికి పోయాక చిన్నమ్మ మాట సగం ఆంధ్ర మాట అయింది. ఆ మాటలో చెప్తే ఏదైనా డాక్టర్ చెప్పినట్టు వినిపిస్తుంది. అందరూ గాలిలో చేతులెత్తి చూసుకున్నారు, ఎదురుగా కూర్చుంటే కుడి చెయ్యి ఎక్కడ పడుతుందో. నిజమే. ఎడమ చెంప మీదే పడుతుంది.

"అంతేనా అమ్మా?" అని తల్లి నన్ను అడిగింది. రోజూ ముఖాలు చూసేదాన్ని నేనే కాబట్టి.

తల ఊపాను.

అప్పుడే నాయనమ్మ రెండో రోజు నలుగు గిన్నెతో గుమ్మంలోకి వచ్చింది. విన్నది. "నేను మెల్లగనే రాసిన" అన్నది.

"మెల్లగ రాసిన్రో గట్టిగ రాసిన్రో, పసుపు ఎంత పోసిన్రో, మీకే ఎరుక అత్తమ్మా. ఇయ్యాల మాత్రం పిల్లను ముట్టకున్రి" అన్నది తల్లి.

నాయనమ్మ గిన్నె కిటికీలో పెట్టి, పెరట్లో నల్లా దగ్గర చేతులు కడుక్కుంది. సబ్బు పెట్టి ఒకసారి, మళ్లీ ఒకసారి. నేను పెళ్లికూతురి జుట్టుకు క్లిప్పులు పెడుతూ ఆ నీళ్ల చప్పుడే వింటున్నాను. చిన్నమ్మ ఆ ఎడమ చెంప ఎరుపు మీద ముందు ఆకుపచ్చ రంగు క్రీము వేసి, దాని మీద ఫౌండేషన్ వేసి, గంటలో ఏమీ జరగనట్టు చేసింది. ఫొటోలు బాగా వచ్చాయట. తలంబ్రాల దగ్గర అందరూ ముందుకు పోతుంటే నాయనమ్మ మాత్రం చేతులు కొంగులో పెట్టుకొని స్తంభం దగ్గరే నిలబడింది.

రెండు రోజుల తర్వాత వాళ్ల రిసెప్షన్ సూర్యాపేటలో. కోదాడ నుంచి కారులో వస్తూ మునగాల దాటాక ధాబా దగ్గర చాయికి ఆగాం. "ఆ పెద్దావిడ మీదకు పోయింది గాబట్టి బతికిపోయాం. లేపోతే మిర్యాలగూడలో మనల్ని మళ్లీ ఎవరు పిలుస్తారే?" అన్నది చిన్నమ్మ. అప్పుడు చెప్పి ఉండొచ్చు. గ్లాసు పట్టుకొని రోడ్డు మీద పోయే లారీలు లెక్కపెట్టాను. చాయి మీద మీగడ కట్టింది.

ఇంటికొచ్చాక ఒక పని చేశాను. నా చెంప మీద మళ్లీ ఆ బామ్ రాసి, తడి కాటన్‌తో తుడిచి, కడగకుండా పడుకున్నాను. ఏమీ కావద్దని కోరుకున్నాను. కాకపోతే నలుగు వల్లే అయిందని నేనూ నమ్మొచ్చు. మొదటి రోజు పొద్దున ఏమీ లేదు. అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను, సంతోషంగా. రెండో రోజు పొద్దున సన్న పొక్కులు వేళ్లకు తగిలాయి.

ఇగ అప్పటి నుంచి ఒక్క దగ్గర కూర్చోలేకపోయాను. పుస్తకం తెరిస్తే అదే పేజీ మళ్లీ మళ్లీ చదివేదాన్ని. నిమిషానికోసారి చెంప తడుముకునేదాన్ని. "చెయ్యి దియ్, చెయ్యి దియ్" అని అమ్మ అరిచేది. నెల రోజులకు పెళ్లికూతురి చెల్లె ఫోన్‌లో మెసేజ్ పెట్టింది. అక్క ముఖం బాగైందని, తనకూ మొటిమలున్నాయని, ఏ ఫేస్‌వాష్ వాడాలో చెప్పమని. రెండు మాటల్లో జవాబు ఇవ్వొచ్చు. "వచ్చి చూసి చెప్తాను" అని పెట్టాను.

మిర్యాలగూడ బస్సులో దారంతా వాక్యాలు కూర్చుకున్నాను. "నాయనమ్మా, తప్పు నాది." కాదు. "నాయనమ్మా, నేనొకటి చెప్పాలె." ఇదీ కాదు. రెండుసార్లు సీటు మారాను. కిటికీ పక్కన కూర్చుంటే గాలి, ఇవతల కూర్చుంటే జనం.

ఇంట్లో చెల్లె, నాయనమ్మ మాత్రమే ఉన్నారు. చెల్లెకు చెప్పాను. రోజుకు రెండుసార్లే కడగాలి, గట్టిగా రుద్దొద్దు, నురగ చూసి మోసపోవద్దు, మేకప్ వేసుకున్న రోజు ముందు మైసెలార్‌తో తీసి తర్వాత జెల్‌తో కడుక్కో, కొత్తది ఏదైనా ముందు దవడ కింద కొంచెం పెట్టి చూడు.

"అన్ని చెప్తున్నవ్ గని అక్కా, నీకే ఉన్నయ్ గదా?" అన్నది చెల్లె నవ్వుతూ.

"ఉన్నయ్ గాబట్టే తెలుస్తది. లేనోళ్లకేం ఎరుక?" అన్నది మూలన కూర్చున్న నాయనమ్మ.

చెల్లె చాయి పెట్టడానికి లోపలికి పోయింది. నాయనమ్మ నన్ను దగ్గరికి రమ్మని, జాకెట్టు చేతులు పైకి లాగి, రెండు మోచేతుల మడతలూ వెలుతురుకు తిప్పి చూపించింది. రెండూ పచ్చగా ఉన్నాయి.

"గీ చేతికి ఇంట్ల దంచిన పసుపు. గీ చేతికి దుకాణం పసుపు. పది రోజులాయె, దినాం పెట్టుకుంటున్న. పిల్ల ముఖం దేంతోటి కరాబైందో తెల్వాలె గద. సూడు బిడ్డా, ఏమన్న కనవడ్తుందా?"

ఏమీ లేదు. దద్దురు లేదు, ఎరుపు లేదు. "ఏం లేదు నాయనమ్మా" అన్నాను.

"నాగ్గూడ ఏం కనవడలే. అయినా నాది ముసలి తోలు, దీనికేం తెలుస్తది. పిల్ల తోలుకు తెలుస్తది."

"నలుగుతోటి కాదు నాయనమ్మా." గొంతు దాటి వచ్చింది. నిజంగానే వచ్చింది.

ఆమె తల ఎత్తింది. చేతులు అట్లాగే చాపి ఉన్నాయి. "మరి దేంతోటి బిడ్డా?" అన్నది. ఆ అడగడంలో ఎంత ఆశ ఉందో నేను చూశాను. చెప్పాల్సింది ఒక్క వాక్యం. బస్సులో ఇరవై రకాలుగా కూర్చుకున్న వాక్యం.

"ఎండకు అయ్యుంటది" అన్నాను.

"ఎండ ఒక్క చెంపకే కొడ్తదా?" అన్నది ఆమె, కోపంగా కాదు. జాకెట్టు చేతులు కిందికి లాక్కుంది.

చెల్లె చాయి తెచ్చింది. వేడివేడిగా తాగేసి లేచాను. బస్సు టైమైందన్నాను, కాలేదు. నాయనమ్మ గేటు దాకా వచ్చింది. గడియ తీసి నా భుజం మీద చెయ్యి పెట్టబోయి, మళ్లీ వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత నేను ఆ ఇంటికి పోలేదు. ఆమె నాతో అన్న చివరి మాటలు ఇవి.

"సిన్నదాని లగ్గానికి నలుగు గూడ నువ్వే పెట్టు బిడ్డా. నేను దూరంకెల్లి సూస్త."