రసాలు మగ్గిన కేబినెట్

కంప్యూటర్‌ని పత్రికల్లో బొమ్మగా తప్ప ఎరగని కాలం అది. ఎనభైల చివర్లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పట్టుకుని నేను నూజివీడులో దిగబడ్డాను. నాలుగు పత్రికలు చదివిన జ్ఞానం, నలభై చదివిన ధీమా నావి. మా బావగారు, అంటే అక్క భర్త, బస్టాండు దగ్గర టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. పిల్లలకు కంప్యూటర్ కూడా నేర్పాలని ఆయనకు మహా కోరిక. విడిభాగాలు తెస్తే నేనే బిగిస్తానన్నాను (అప్పటికి నేను బిగించినవి రెండు రేడియోలు, అందులో ఒకటి పలికింది). బోర్డు, డ్రైవు, మానిటరు ఒక్కొక్కటే సమకూర్చుకున్నాం. ఇక వాటిని అమర్చే పెట్టె, కేబినెట్ మిగిలింది.

దానికోసం బావగారూ నేనూ విజయవాడ వెళ్లాం. కొట్లో రెండే ఉన్నాయి. ఒకటి చిన్నది, లోపలికి కరెంటు అందించే పవర్ సప్లైతో సహా సిద్ధంగా ఉంది. రెండోది బీరువా తమ్ముడిలా ఉంది. దాని పవర్ సప్లై మద్రాసు నుంచి రావాలి, మూడు వారాలు పడుతుందన్నాడు కొట్టాయన.

"చిన్నది తీసుకుపోదామోయ్. రేపు బిగిస్తే ఎల్లుండి చూసుకోవచ్చు" అన్నారు బావగారు.

"అలా అంటే ఎలా బావగారూ? రేపు ఇంకో డ్రైవు పెట్టాలంటే దీంట్లో చోటేదీ? పెద్దదైతే ఏదొచ్చినా పడుతుంది. పదేళ్లు చూసుకోనక్కర్లేదు" అని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన చిన్నదాన్ని ఒకసారి చేత్తో తడిమి, "సరేలే, చదువుకున్నవాడివి" అన్నారు.

మామిడి గంపల మధ్య బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాం. పక్కనున్న తోట రైతు ఒకాయన దాని చిల్లుల్లోకి తొంగి చూసి, "గాలి బాగానే ఆడుద్దండీ. కాయ మగ్గేయడానికా?" అని అడిగాడు. నేను మొహం మాడ్చుకున్నాను. బావగారు మాత్రం ఇంటికి రాగానే ఆ మాట అక్కకు చెప్పారు. చెప్పడమే తప్పయింది. రెండో రోజు నేను మూత తీసేసరికి లోపల వరిగడ్డి, గడ్డిలో రెండు డజన్ల చిన్నరసాలు!

"అక్కా! ఇది కంప్యూటర్!"

"కంప్యూటర్ వచ్చాక తీసేస్తాలేరా. ఊరికే ఖాళీగానే ఉందిగా?"

బావగారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వారు. వచ్చిన ప్రతివాళ్లకూ మూత తీసి చూపించి, "మా బావమరిది చేసిన కంప్యూటరండీ, పళ్లు కాస్తోంది" అని తలా ఒకటి చేతిలో పెట్టారు. నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులు ఇప్పుడిమ్మంటే ఎవరిస్తారు?

ఆ తరువాతి వారం ఆయన పాఠం చెబుతూనే ఛాతీ పట్టుకుని కూర్చుండిపోయారు. విజయవాడ ఆసుపత్రికి తీసుకెళుతుంటే దారిలోనే పోయారు. నలభై రెండేళ్లు.

పెద్దకర్మ అయిన మూడోరోజు మద్రాసు పార్సెల్ వచ్చింది. అక్కే బిగించమంది. గడ్డిపరకలు దులిపి, అన్నీ అమర్చి స్విచ్ వేశాను. తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి. లోపల ఫ్యాను తిరగ్గానే గదంతా మామిడిపండు వాసన. అక్క గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

నేనిక ఆపుకోలేకపోయాను. "చిన్నది కొనుంటే ఆయన చూసేవారక్కా. నావల్లే" అని ఏడ్చేశాను.

అక్క వచ్చి పక్కన కూర్చుంది. "ఇంతకీ ఆ పెద్దదే ఎందుకు కావాలన్నావురా?" అంది.

ఆ మాటలో నిష్ఠూరమేమైనా ఉందా అని చూశాను, లేదు. వెంటనే వెక్కుతూనే మొదలుపెట్టాను. ఇదిగో ఇక్కడ ఇంకో డ్రైవు పెట్టొచ్చు, ఇక్కడ నాలుగు కార్డులు గుచ్చొచ్చు, ఈ స్క్రూలు విప్పితే పక్క రేకు ఊడొస్తుంది... మొగుడు పోయి పదహారు రోజులైన మనిషి పమిటతో నా ముక్కు తుడుస్తూ, "ఊఁ", "అలాగా", "మరి ఇదేంటి?" అంటూ అంతా విన్నది. ఆవిడ నన్ను ఊరుకోబెడుతోందని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. నేను మాత్రం అప్పుడు, అక్కకు కంప్యూటర్ మీద భలే ఆసక్తి ఉందే అనుకున్నాను.