దువ్వెన లేని దేవత

మాధవీలత గట్టిగా మాట్లాడగా ఆమె పుట్టింట్లో ఎవరూ వినలేదు. పెదపారుపూడి వరిచేల మధ్య పెరిగి, గుడివాడలో డిగ్రీ చదివి, అందరికీ తలూపుతూ ముప్పై అయిదేళ్ళు నెట్టుకొచ్చిన మనిషి. విశాఖపట్నం వెళ్ళి ఎమ్మే చదవాలని ఒకప్పుడు మహా కోరికగా ఉండేది. "ఇంకా ఎందుకమ్మా?" అన్నాడు తండ్రి. ఎందుకో చెప్పలేక అలవాటు ప్రకారం తలూపింది. చదువు అక్కడితో సరి. ఆ రోజు జవాబు చెప్పలేకపోయిన బాధ మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

అలాంటావిణ్ణి దివిసీమలో, నాగాయలంక దాటాక సముద్రపు గాలి తగిలే ఒక పల్లె హైస్కూల్లో సోషల్ టీచరుగా వేశారు. అవనిగడ్డలో గది అద్దెకు తీసుకుంది. భర్త గుడివాడలో రైసుమిల్లు గుమాస్తా. వారానికోసారి బస్సెక్కి వెళ్ళి ఆయనకి నాలుగు కూరలు వండిపెట్టి వచ్చేది. ఒకసారి ఏదో పనిమీద బందరు వెళ్తే, పాత పుస్తకాల కొట్లో అట్ట ఊడిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం కంటబడింది. కొంత చెదలు తిన్నాయి. మిగిలినదాంట్లో దేశదేశాల దేవతల కథలున్నాయి. ఆవిడ దాన్ని బస్సులో తెరిచి, అవనిగడ్డలో దిగాల్సిన సంగతే మరిచిపోయింది.

శనివారం చివరి పీరియడు మగపిల్లలు కబడ్డీకి పోతే, ఆడపిల్లలు కుట్లూ అల్లికలూ నేర్చుకోవాలని బడిలో ఏర్పాటు. కుట్టు టీచరు పోస్టు ఏనాటినుంచో ఖాళీ. ఆ పీరియడు నాకివ్వండని మాధవీలత అడిగింది. తన కోసం తను నోరు తెరిచి అడిగింది జీవితంలో అదొక్కటేనేమో. హెడ్మాస్టరు భుజంగరావు గారు కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏమండీ టీచరుగారూ, ఉన్న సిలబస్సు చాలడం లేదా?" అని నవ్వి, సరేనన్నారు.

అలా మొదలైంది. తమ్ముడి ఆగడాలు పడలేక జపాను సూర్యదేవత గుహలో దూరి తలుపేసుకుంటే లోకమంతా చీకటైన కథ చెప్పింది. సుమేరు దేశపు ఇనాన్నా ఒక్కో వాకిట్లో ఒక్కో నగ వదులుకుంటూ పాతాళానికి దిగిన కథ చెప్పింది. గ్రీకు ఎథీనా సంగతీ, మన మహిషాసురమర్దని సంగతీ చెప్పింది. కథ అయ్యాక ఒక్కో పిల్లా బెంచీ ఎక్కి నిలబడాలి. తనే ఆ దేవత అనుకుని, నేను ఎవరిని, నాకేం కావాలి, నాకేం వద్దు, ఈ మూడూ బిగ్గరగా చెప్పాలి. గొంతు తగ్గిందా, మళ్ళీ మొదటినుంచి. మొదట్లో అంతా ఇకఇకలూ పకపకలూ. "నేను ఎథీనాని. నాకు ఇడ్లీ కావాలి. లెక్కల పీరియడు వద్దు" అంది ఒక పిల్ల. మాధవీలత కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నెలలు గడిచేకొద్దీ ఆ గొంతులు పెద్దవయ్యాయి. "నాకు మా అన్న కొట్టడం వద్దు" అని ఒకమ్మాయి అన్నరోజు ఎవరూ నవ్వలేదు.

ఎంత బతిమాలినా బెంచీ ఎక్కని పిల్ల ఒకతి ఉండేది. పేరు దుర్గ, పదో తరగతి. తండ్రి గణపతి పడవమీద వేటకు వెళ్ళేవాడు. ఉప్పెనలో కొట్టుకుపోయిన చెల్లెలి పేరే కూతురికి పెట్టుకున్నాడు. ఆ ఊళ్ళో అలాంటి పేర్లు ఇంటికొకటి ఉంటాయి. దుర్గ చదువులో చురుకు, నోట్లో మాత్రం నాలుక లేదు. ఆ పిల్లని చూస్తే మాధవీలతకి తననే చూసుకున్నట్టుండేది. అందుకే ఆ పిల్లమీద అంత పట్టుదల.

ఒక శనివారం మంచుదేశపు సముద్రదేవత కథ చెప్పింది. తండ్రే కూతుర్ని పడవలో తీసుకెళ్తాడు. తుఫాను రేగుతుంది. ప్రాణభయంతో కూతుర్ని నీళ్ళలోకి తోసేస్తాడు. పిల్ల పడవ అంచు పట్టుకుంటే వేళ్ళు నరికేస్తాడు. ఆ తెగిన వేళ్ళే చేపలై, సముద్రజంతువులై ఈదుకుపోతాయి. పిల్ల సముద్రం అడుగున దేవతై కూర్చుంటుంది. చేపలన్నీ ఆమె అదుపులోనే. జుట్టు చిక్కులు పడిపోతుంది, దువ్వుకోవడానికి వేళ్ళు లేవు. ఆమెకి కోపం వస్తే వలలో ఒక్క చేప పడదు.

కథ అసలు అక్కడితో అవదు. ఆ తర్వాత ఒకరు అడుగుదాకా దిగి వెళ్ళి, ఆమె పక్కన కూర్చుని, చిక్కులు తీసి జడ అల్లితే, ఆమె చల్లబడి చేపల్ని వదిలేస్తుంది. మాధవీలత ఆ ముక్క కావాలనే కోసేసింది. దేవత చల్లబడటం ఆవిడకి నచ్చలేదు. పుట్టిన దగ్గర్నుంచీ చల్లగా ఉన్నదానికి కోపంలో ఉన్న దేవతే ముద్దొస్తుంది మరి.

ఆ రోజు దుర్గ బెంచీ ఎక్కింది. "నేను సముద్రం అడుగునున్నదాన్ని" అని మాత్రం చెప్పి, వణుకుతూ దిగిపోయింది. మాధవీలతకి పండగే పండగ.

సంక్రాంతి వెళ్ళిన కొద్దిరోజులకి దుర్గకి పెళ్ళి ఖాయమైందని తెలిసింది. వరుడు సూరయ్య, దుర్గ తల్లికి తమ్ముడు, అంటే సొంత మేనమామ. ఫాల్గుణంలో ముహూర్తం, అంటే పరీక్షలకి ముందే. మాధవీలత వాళ్ళింటికి వెళ్ళింది. దారిపొడుగునా అనుకున్న మాటలు గడప దగ్గరికి వచ్చేసరికి సగం జారిపోయాయి.

"పరీక్షలన్నా రాయనివ్వండి గణపతి గారూ" అంది.

"టీచరుగారండీ, తమరంటే మాకు గౌరవం. ఇంటి యవ్వారాల్లో మాత్రం కలగజేసుకోబాకండి. పిల్ల చదివి ఏం చెయ్యాలండీ, సెప్పండి?"

మళ్ళీ అదే ప్రశ్న. మళ్ళీ తలూపి వచ్చేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని తన మీద తనకే అసహ్యం వేసి ఏడ్చింది.

మాఘమాసంలో గంగమ్మ జాతర. డప్పులు హోరెత్తుతుంటే ఏటా ఎవరో ఒకరికి అమ్మవారు పూనుతుంది. పూనగానే పెద్దవాళ్ళు ముందుకొచ్చి అడుగుతారు: ఎవరు తల్లీ నువ్వు, నీకేం కావాలి, మావల్ల ఏం తప్పు జరిగింది? ఈ ఆనవాయితీ మాధవీలతకి తెలియదు. చిన్నప్పటినుంచీ చూస్తున్న దుర్గకి తెలుసు. టీచరు బెంచీ మీద అడిగేవీ ఇంచుమించు అవే ప్రశ్నలు.

ఆ సాయంత్రం జుట్టు విరబోసుకుని ఊగిపోయింది దుర్గ. పసుపునీళ్ళు పోశారు, వేపమండలు చేతికిచ్చారు. ఎవరు తల్లీ నువ్వు అని అడిగారు.

"సముద్రం అడుగునున్నదాన్ని! పట్టుకున్న నా ఏళ్ళు ఇడిపించారు. నన్ను నీళ్ళకి ఒదిలేశారు. నా జుట్టు సిక్కులు పడింది, దువ్వే దిక్కు లేదు. సేపలన్నీ నాయే. ఈ పిల్లకి ఆ పెళ్ళి వద్దు. సేశారా, ఒక్క సేపని కూడా ఒదలను!"

జనం వెనక నిలబడ్డ మాధవీలత మునివేళ్ళమీద లేచి చూసింది. నా పిల్ల, నా బెంచీ ఎక్కిన పిల్ల, అనుకుంది. గర్వంతో గుండె పొంగింది. ఆ పొంగు రెండు నిమిషాలన్నా నిలవలేదు. దుర్గ నాయనమ్మ కొండమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి, "దుర్గా! వచ్చావా నా తల్లీ!" అంటూ మనవరాలి కాళ్ళమీద పడిపోయింది. ఆ పిలుపు మనవరాలికి కాదని అక్కడున్న వాళ్ళందరికీ అర్థమైంది. ఇరవై ఏళ్ళనాడు ఉప్పెన మింగేసిన కూతుర్ని పిలిచిందామె.

పెళ్ళి ఆగిపోయింది. అమ్మవారు పూనిన పిల్లని చేసుకునే ధైర్యం సూరయ్యకి ఎక్కడిది? ఆ వారమే పడవలకి చేప విరగబడింది. అంతే, గంగమ్మ గుడి పక్కన తాటాకు పాక లేచింది. మంగళవారం, శుక్రవారం దుర్గని పాకలో పీటమీద కూర్చోబెట్టి ఆడవాళ్ళు వరస కట్టారు. మిగతా రోజులు ఇల్లు కదలనివ్వరు. దేవత బడికెళ్ళి బల్లమీద కూర్చుంటుందా? చిక్కుజుట్టే గుర్తని తనే చెప్పింది గనక దువ్వెన కూడా తగలనివ్వలేదు. పీటమీద కూతుర్ని చూసి తల్లి మాణిక్యం ఏడుస్తూనే దణ్ణం పెట్టింది.

మాధవీలత కూడా వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక దగ్గరగా వంగింది. పసుపు పూసిన మొహంలో కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"టీచర్, బెంచీ ఎక్కడం నేర్పించారు గదండీ" అని గుసగుసగా అంది దుర్గ. "దిగడం ఎట్టాగండీ?"

"నిజం చెప్పేద్దామా?" అంది మాధవీలత.

"నాన్న కొడితే పడతానండీ. నాయనమ్మేనండీ భయం. ఉప్పెన కాడినించీ సరిగ్గా అన్నమే తినేది కాదంట. ఇప్పుడు నా పక్కన కూకుని రెండు పూటలా తింటంది. నేను అత్తని కాదంటే సచ్చిపోద్దండీ."

బడిలో హాల్ టిక్కెట్లు పంచేశారు. దుర్గది హెడ్మాస్టరు గారి బల్లమీదే ఉండిపోయింది. మాధవీలత దాన్ని రోజూ చూసేది. నిజం చెబితే ఒక తల్లి కూతురు రెండోసారి పోతుంది. చెప్పకపోతే ఈ పిల్ల బతికుండగానే పటమైపోతుంది. నోరులేని పిల్లకి నోరిచ్చానని మురిసిపోయింది గానీ, తన పిరికితనానికి తీరని ముచ్చట ఆ పిల్ల చేత తీర్చుకుందేమోనన్న అనుమానం ఆవిణ్ణి తొలిచేసింది.

చివరికి ఒక మధ్యాహ్నం కొండమ్మ దగ్గరికే వెళ్ళింది. ముసలామె పెరట్లో ఎండుచేపలు తిరగేస్తోంది.

"మీతో ఒక మాట చెప్పాలి మామ్మగారూ."

"నేనూ సెప్పాలమ్మా నీకు. సదువుకున్నదానివి" అంది కొండమ్మ, తల ఎత్తకుండా. "దాని ఏళ్ళు ఇడిపించింది నేనేనమ్మా. ఉప్పెన రేత్రి తుమ్మసెట్టు దొరికింది. ఒక సేత్తో సెట్టునీ, ఒక సేత్తో దాన్నీ పట్టుకున్నా. ఇంకో అల వచ్చింది. సెట్టు పట్టుకోవడానికి రెండు సేతులూ కావలసొచ్చినియ్యి. ఎవరికీ సెప్పలేదు. జాతరలో అదే వచ్చి అందరిముందూ సెప్పింది. అందుకే దాన్ని వదల్ను. ఈసారి వదల్ను."

మాధవీలత చేపల మధ్యే ఆమె పక్కన కూర్చుంది. ఎక్కడో మంచుదేశపు కథ ఈ పెరట్లో ఎవరి గుండెలో దిగిందో ఇప్పుడు తెలిసింది. తలూపే అలవాటున్న ఆ మనిషి తల అడ్డంగా తిప్పింది.

"మామ్మగారూ, సముద్రం అడుగున కూర్చున్న దేవత కథ ఒకటి పాత పుస్తకంలో ఉంది. అందులో ఆవిడ కోపం పోవడానికి ఒకటే దారి. కావలసినవాళ్ళు వెళ్ళి చిక్కు తీసి జడ వెయ్యాలి. చిక్కు తీశాక ఆవిడ ఎవర్నీ, దేన్నీ పట్టుకోదు. వదిలేస్తుంది."

కొండమ్మ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. "జడేస్తే ఎళ్ళిపోద్దా?"

"పుస్తకంలో వదిలేస్తుందనే ఉంది."

మాధవీలత అబద్ధం ఒక్కటీ ఆడలేదు. నిజం కూడా చెప్పలేదు. ఆ సంగతి తర్వాత ఎన్నేళ్ళయినా ఆవిణ్ణి నలుపుతూనే ఉంది.

రెండు శుక్రవారాలు గడిచాయి. కొండమ్మ పాకలోకి ఎప్పటిలా అన్నం పళ్ళెంతోనే వచ్చింది. పరీక్షలు నెత్తిమీదికి వచ్చేశాయి. మాధవీలత ఆశ వదిలేసుకున్న మూడో శుక్రవారం, కొండమ్మ కొబ్బరినూనె గిన్నే చెక్కదువ్వెనా పట్టుకొచ్చి మనవరాలి వెనక చతికిలబడింది. జనం గుసగుసలాడారు. గణపతి వారించబోతే, "ఇది నాకూ దానికీ మద్దెన" అని ఒక్క చూపు చూసింది.

చిక్కు తియ్యడం చాలాసేపు పట్టింది. కొసల దగ్గర మొదలుపెట్టి, కుదురు చేత్తో అదిమిపట్టి, నొప్పి తెలియకుండా తీసింది. తీస్తూ తీస్తూ అడిగింది.

"నేనే గదంటే నీ ఏళ్ళు ఇడిపించింది? సెట్టుకోసం నిన్ను వదిలేశాను గదంటే?"

దుర్గకి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. బిత్తరపోయి జనంలో టీచరు కోసం వెతికింది. కళ్ళు కలిశాయి. ఏం చెప్పాలో ఏ కథలోనూ లేదు. ఈసారి మాధవీలతకి తలూపడం కూడా చేతకాలేదు.

దుర్గ కళ్ళు మూసుకుంది. బెంచీ మీద గొంతు కాదు, చాలా చిన్న గొంతు.

"నువ్వు వదల్లేదమ్మా. నీళ్ళు లాక్కుపోయినియ్యి. సెట్టు పట్టుకోవాలంటే రెండు సేతులూ కావాలి గదా."

కొండమ్మ దువ్వెన ఆగింది.

"మళ్ళీ ఎప్పుడొస్తావే?"

వచ్చే జాతరకి వస్తానంటే ఆ ముసలిప్రాణం ఏడాది పొడుగునా హాయిగా బతుకుతుంది. అది దుర్గకీ తెలుసు.

"రానమ్మా. ఇంక రాను. నాకోసం సూడబాక. ఈ పిల్లకి పెళ్ళి వద్దు. బళ్ళోకి పంపించు."

కొండమ్మ ఏడ్చింది. ఇరవై ఏళ్ళు దాచుకున్న ఏడుపు. మనవరాలి వీపుకి మొహం ఆనించి, పాక అదిరేలా ఏడ్చింది. దుర్గ బిగుసుకుపోయి కూర్చుంది, కళ్ళు తెరవలేదు. మాధవీలత పాక గుంజ పట్టుకుని నిలబడి, తన దేవతల్లో ఒక్కతె కూడా ఇంత బరువు మొయ్యలేదనుకుంది.

చాలాసేపటికి కొండమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. దువ్వెన కొసతో నడినెత్తిన పాపిట తీసి, జుట్టుని రెండు పాయలు చేసింది. బడిపిల్లలకి వేసే రెండు జడలు. ఒకటి అల్లి, రెండోది అల్లి, కొసలు రెండూ చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"ఒసే పిల్లా, రిబ్బన్లు ఏడ పెట్టావే?"

దుర్గ కళ్ళు తెరిచింది.

"ట్రంకుపెట్టెలో ఉన్నాయి నాయనమ్మా" అంది.