కొట్టేసిన చోట సంతకం

ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో అర్జీని కక్షిదారుకు చదివి వినిపించాకే సంతకం పెట్టించాలి. లా మూడో ఏడు చదువుతున్న అమ్మాయి, పాత అర్జీ చూసి దించిన తన మొదటి అర్జీని గడగడా చదివింది. చెప్పాపెట్టకుండా పనిలోంచి తీసేసిన బడి ఆయా చేతులు కట్టుకుని వింది.

"...దయతలచి నన్ను తిరిగి పనిలోకి తీసుకోవలసిందిగా వేడుకుంటున్నాను."

"ఆగమ్మా. నేనెప్పుడు వేడుకున్నాను?"

"అర్జీల్లో అలాగే రాస్తారు, పిన్నీ."

"రాసేవాళ్లని రాసుకోనీ. పద్దెనిమిదేళ్లు ఆ బడి ఊడ్చాను. తప్పు వాళ్లది, దణ్ణం నాదా?"

అమ్మాయి అర్జీ వైపు మళ్లీ చూసింది. హక్కుల మీద మూడేళ్లుగా పరీక్షలు రాస్తున్న చెయ్యి ఇక్కడ తనకు తెలియకుండానే దణ్ణం పెట్టేసింది. ఆ వాక్యం కొట్టేసి, 'నా పని నాకు ఇవ్వాలి' అని రాసింది.

కొట్టేసిన చోట కూడా సంతకం ఉండాలంది. ఆయా ముందు అక్కడే పెట్టింది, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా.